ఊటనేలకు దారి చూపిందెవరు

మా మాపుచే జనంలో మనిషి పోతే, పూడ్చేముందు ఆ మనిషి బతుకంతా నలుగురి ముందు నిలబడి చెబుతారు. మంచీ చెప్పాలి, చెడూ చెప్పాలి. మా మేనత్త సునిల్దా కాత్రిలాఫ్‌ గురించి పోయిన చలికాలం అలాగే చెప్పారు. అంతా సవ్యంగానే చెప్పి, చివర్లో ఆవిడ చేసిన ఒకే ఒక్క తప్పు కూడా చెప్పారు. ఆ తప్పు ఆవిడది కాదు, నాది. శవపేటిక పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరి సరస్సు చూడ్డానికొచ్చేవాళ్ళకు అత్తంటే సోపైపియా రొట్టెలు వేయించి పెట్టే నవ్వుముఖం ముసలమ్మ. నవ్వుముఖమేమీ కాదు. నూనె పొగకు కళ్ళు చికిలించేది, వాళ్ళకది నవ్వులా కనబడేది. ఫొటో తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, "తీసుకో నాయనా, ముందు రెండు తిను. ఖాళీ కడుపుతో తీస్తే చెయ్యి వణుకుతుంది" అనేది.

అది ఎండాకాలపు పని. అసలు పని వేరే ఉంది. మా జబ్బులు చూసే మాచికి ముప్ఫై ఏళ్ళుగా మందాకులు తెచ్చిచ్చింది అత్తే. అవి ఉత్తరపు గట్టున, అడవి లోపల, మెనోకోలో దొరుకుతాయి. ఏడాది పొడుగునా నీరు ఊరే బురదనేల అది. దానికో యజమాని ఉన్నాడు, మనిషి కాదు. అంచున ఆగి, నేను ఫలానా ఇంటిదాన్ని, ఫలానా రోగి కోసం వచ్చాను అని చెప్పుకుని, కావలసినంతే కోసుకుని రావాలి. ఊరికే చూడ్డానికి ఎవరూ వెళ్ళరు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. నాకు పదేళ్ళప్పుడు ఒక్కసారి వెంట తీసుకెళ్ళింది.

"మొయ్యడానికి తెచ్చాను, చూడ్డానికి కాదు. నోర్మూసుకుని నడువు" అంది.

నోరు మూసుకునే నడిచాను. దారి మాత్రం గుర్తుపెట్టుకున్నాను. నాకు తెలుసన్న సంగతి అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దయ్యాక యాత్రికులను కయాక్ పడవల్లో తిప్పే పనికి కుదిరాను. ఒక ఫిబ్రవరిలో, మాకది నడి ఎండాకాలం, మూడు రోజులు ముసురు పట్టింది. సరస్సు అవతలి అగ్నిపర్వతం మబ్బుల్లోంచి బయటికే రాలేదు. రాజధాని శాంతియాగో నుంచి వచ్చిన ఆరుగురు విసుగెత్తి ఉన్నారు. నేనేవో మా పాతకాలపు కథలు చెబుతుంటే వాళ్ళలో కళ్ళద్దాలాయన నవ్వాడు.

"ఇదంతా మా హోటల్ గోడమీద రాసే ఉంది అబ్నేర్! ఇంతకీ నువ్వు నిజంగా మాపుచేవేనా, ఎండాకాలానికి మాత్రమేనా?"

అందరూ పకపకా నవ్వారు. నాకు చుర్రుమంది. నేనూ ఓ నవ్వు నవ్వి ఊరుకుంటే ఏం పోయేది? ఊరుకోలేదు. "రండి చూపిస్తా" అని పడవలు ఉత్తరానికి తిప్పించాను.

మెనోకో అంచున నేను ఆగలేదు. ఆగి ఏ రోగి పేరు చెప్పను? గబగబా లోపలికి నడిపించాను. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నా ఛాతీ ఉబ్బిపోయింది. అది తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కళ్ళద్దాలాయన ఆ చోటును ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టి పదిమందికీ పంచాడు. మార్చి నెలాఖరుకల్లా అక్కడ బాట పడింది. వచ్చినవాళ్ళు మందుమొక్కలు తొక్కేశారు, చెట్ల బెరడు మీద పేర్లు చెక్కారు, ఊటలో సబ్బుతో గిన్నెలు కడిగారు. ఒకరోజు అత్త ఖాళీ బుట్టతో తిరిగొచ్చింది. నా వంక చూసి, ఏమీ అడగకుండా పొయ్యి రాజేసింది.

మా పెద్ద, లోంకో ఫిదెల్ అంతినావో, అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఎవరు తీసుకెళ్ళారో వాళ్ళే లేచి చెప్పండి. నేనుగా ఎవరి పేరూ తియ్యను."

నా కాళ్ళు లేవలేదు. ఉన్నమాట చెప్పాలంటే, నేను లేపలేదు. ఊళ్ళో తలెత్తుకోలేనని భయం. అత్త ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. నేను నా బూట్లు చూసుకుంటున్నాను.

అత్త నేలకు చెయ్యి ఆనించి లేచింది.

"నేనే చూపించాను. తినడానికొచ్చినవాళ్ళు అడిగారు."

వెనకనుంచి ఒక ముసలావిడ, "తిండి పెట్టమంటే మందాకులు కూడా వడ్డించావా సునిల్దా?" అంది. ఎవరూ నవ్వలేదు.

లోంకో, "ఇక నువ్వక్కడ అడుగు పెట్టొద్దక్కా" అన్నాడు.

"సరే తమ్ముడూ."

"కూర్చో."

అత్త కూర్చోలేదు. ఆకులు తెచ్చే పని ఇంకొకామెకు అప్పజెప్పారు, కట్టెల సంగతి మాట్లాడుకున్నారు, ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ మోకాళ్ళ నొప్పితో నిలబడే ఉంది. పౌరుషం అనుకున్నాను.

ఇంటికొచ్చాక మాతే టీ కోసం నీళ్ళు పెట్టింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఎందుకత్తా అబద్ధం చెప్పావ్?"

అటు తిరిగే ఉంది.

"నేను లేస్తే నువ్వు లేస్తావనుకున్నాన్రా" అంది. "నీ కోసమే కదా, అంతసేపు కూర్చోకుండా ఉన్నాను."