రోజ్‌వుడ్, మహాగనీ

విందుల్లో గిటార్ వాయించే అతను దాన్ని ఒళ్లోకి తీసుకునే ముందు, చెక్కకు గీత పడకుండా బెల్టు బకిల్‌ను పక్కకు తిప్పుకుంటాడు. సంగీతం దైవమనే రకం కాదు. పనిముట్టు పాడవకూడదు, అంతే. కొత్తది కొనడానికి వెళ్లిన దుకాణంలోనూ అలాగే కూర్చుని ముందు రోజ్‌వుడ్ చెక్కతో చేసిన గిటార్ మీటాడు; గదంతా మోగింది. అంతే ఖరీదైన మహాగనీది మాత్రం పొడిగా, పొదుపుగా పలికి ఆగింది.

"మొదటిదే తీసుకో," అంది భార్య. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమె అతని పక్కన పాడటం మానేసింది. "దాని హోరులో నా బొంగురు ఎవరికీ వినపడదు. అదైతే పాడతాను."

"అందుకే అది వద్దంటున్నా."

"మొండిఘటం! జనం నవ్వితే?"

"నవ్వనీ. నాకు నీ గొంతు వినపడాలి."

మహాగనీ తీగలను తగ్గిన ఆమె శ్రుతికి దించి, తల వంచుకుని మెల్లగా మీటసాగాడు. పల్లవి ఎత్తుకోవాల్సిన చోటు రెండుసార్లు దాటిపోయింది. మూడోసారి ఆమె గొంతు సవరించుకుంది.