పెద్దమ్మ నాలుక

నా చిన్నప్పుడు సిరిసిల్లల మా ఇంటి చుట్టూ పొద్దంత సాంచెల చప్పుడే. నాయిన వేరేవాళ్ల సాంచెలు నడిపి బట్ట నేసేటోడు, అమ్మ కండెలు చుట్టేది. ఎండకాలం బడి బందయితే నన్ను కోరుట్లకు, మా పెద్దమ్మ ఇంటికి తోలేటోళ్లు. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. పెదనాయిన ఎప్పుడో పోయిండు, పిల్లలు లేరు. పెండ్లిండ్లకు, దినాలకు వంట చేసుడే ఆమె బతుకు. కోరుట్ల, రాయికల్, ఇబ్రహీంపట్నం దిక్కు ఏ ఇంట్ల పెద్ద వంట ఉన్నా ముందుగాల ఆమెకే కబురు వచ్చేది.

ఆ ఎండకాలం ఆమె నాకు ఒక కొత్త పని అప్పజెప్పింది. కూర ఉడుకుతుంటే గంటెతోని ఇంత తీసి, ఊది, నా అరచేతిల పోసేది. రుచి చూసి చెప్పమనేది. బాగుందంటే ఊకునేది కాదు. ఉప్పు ముందు తెలిసిందా, కారం ముందు తెలిసిందా, పులుపు గొంతుదాక పోయిందా అని ఒక్కొక్కటి అడిగేది. పెద్దోళ్లందరి ముంగట నన్ను అడుగుతుందని నాకు మస్తు గర్వం. పెద్దమ్మ నాకు పని నేర్పుతుందనే అనుకున్న. చూసేటోళ్లందరు గూడ గట్లనే అనుకున్నరు.

రాయికల్ల ఒక పెండ్లి వంటకు పోయినం. మటన్, బగారన్నం, పచ్చిపులుసు. మటన్‌కు నేను ఉప్పు చూసి సరిపోయిందని చెప్పినంక, ఆ ఇంటి ఆడపిల్లలు పెండ్లికూతురును చూద్దువు రా అని నన్ను లోపటికి గుంజుకపోయిన్రు. పెద్దమ్మ పోయి రమ్మన్నది. ఆమె అన్నం కాడ ఉన్నప్పుడు, సాయానికి వచ్చిన చుట్టపామె ఒకామె కూరల ఉప్పు పడలేదనుకొని ఇంకింత ఏసింది. మంచికే ఏసింది. అది ఎవరికీ తెల్వకముందే మొదటి బంతి కూసున్నది.

నేను బయటికొచ్చేసరికి పొయ్యి కాడ మంది గుమిగూడి ఉన్నరు. విస్తర్లల్ల ముక్కలు ముక్కలుగనే వదిలి మొదటి బంతి లేచిపోయిందట. పెండ్లికూతురు మేనమామ గిన్నెల కూర పట్టుకొని నిలవడ్డడు. గట్టిగ ఏం అనలే. గిన్నె పెద్దమ్మ చేతికిచ్చి, నువ్వే తిని చూడమన్నడు.

పెద్దమ్మ తిన్నది. మొకం మీద ఏ మార్పు లేదు. అంత ఉప్పు తిన్న మనిషి మొకం గట్ల ఉండదు. ఆయన చూసిండు, అందరు చూసిన్రు. నేను ఉరికిపోయి ఆమె ముంగట అరచెయ్యి చాపిన. ఆమె పొయ్యలే. చాపిన నా చేతిని పట్టుకొని పక్కన నిలవెట్టుకున్నది.

"నా నాలుకకు రుచి తెలుస్తలేదు అన్నా" అన్నది. "పోయిన చలికాలం జొరమొచ్చి తగ్గినంక పోయింది. వస్తదని చూసిన, రాలే. గీ పిల్ల చెప్తుంటె వండుకుంట వస్తున్న."

ఉప్పేసినామె అక్కడనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలవడ్డది. ఆమె పని గిదని అప్పటికే ఎవరో పెద్దమ్మ చెవిల చెప్పిన్రు. పెద్దమ్మ ఆ మాట ఎత్తలే. రుచి తెల్వని మనిషి పెండ్లి వంట ఎట్ల ఒప్పుకున్నదని ఒక ముసలామె నిష్ఠూరమాడింది. పెద్దమ్మ పొయ్యి దిక్కు తిరిగింది. ఉల్లిగడ్డలు, టమాటలు, ఎండుకొబ్బరి తెప్పియ్యమన్నది. వేరే గంజుల ఉప్పు లేకుంట మసాలా ఉడికించి, దాంట్ల కూర కొంచెం కొంచెం కలుపుకుంట పోయింది. కలిపినప్పుడల్లా మేనమామకే రుచి చూపెట్టింది. ఆయన కోపం మీదనే తిన్నడు, కోపం మీదనే చెప్పిండు. ఆఖరికి చాలు, ఇగ పెట్టుండ్రి అన్నడు. రెండో బంతి కడుపునిండ తిన్నరు.

బస్సుల కోరుట్లకు వస్తుంటే నాకు ఏడుపు ఆగలే. నేర్పుతుందనుకున్నది నేర్పుడు కాదని ఒక బాధ. నేను లోపటికి పోకుంటే గిట్ల కాకపోవునేమోనని ఇంకో బాధ. ఎవరో ఉప్పేసిన్రు అంటే అయిపోయేది గదా, ఎందుకు చెప్పినవని అడిగిన.

పెద్దమ్మ బయటికి చూసుకుంటనే అన్నది. "ఇన్ని దినాలు గంటె పట్టినప్పుడల్లా నా చెయ్యి వణికింది బిడ్డా. రెండో బంతికి వండినప్పుడు వణకలే."

ఆ తర్వాత కబుర్లు తగ్గినయి. మళ్ల ఎండకాలం నేను పోయేసరికి ఆమె ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. దినాల వంటకు ఒకరిద్దరు పిలిచేటోళ్లు. పెండ్లికి ఎవరు పిలువలే. నిజం చెప్పినందుకు ఆమెకు మంచి జరిగిందని చెప్పాలని ఉంటది గాని, జరుగలే.

నేను వంటనే పట్టుకున్న. కరీంనగర్ల మెస్సు, ఆ తర్వాత హైదరాబాద్ల పెద్ద హోటల్. తెల్లకోటు వేసుకొని వంటింటికి పెద్దనైన. నేను రుచి చూడంది ఏ కూర బయటికి పోయేది కాదు. పోయినేడు ఒక రోగానికి మందులు మింగుతుంటే, ఒకనాడు పప్పుచారు నోట్ల పెట్టుకున్న. వేడి తెలిసింది, తడి తెలిసింది. ఇంకేం తెల్వలే. నా కింద పనిచేసే పిల్లలు నేనేమంటనో అని చూస్తున్నరు. వాళ్లకు అప్పుడే చెప్పిన. మేనేజరుకు గూడ చెప్పిన. ఆయన మర్యాదగనే మాట్లాడిండు. నెల తిరుగకముందే శాలువ కప్పి ఇంటికి పంపిండు.

ఇప్పుడు జగిత్యాలల నా బిడ్డ ఇంట్ల ఉంటున్న. తినబుద్ధయితుందా అమ్మా అని నా బిడ్డ పూటపూటకు అడుగుతది. ఆ మాట వినంగనే నాకు పెద్దమ్మ యాదికొస్తది. ఆమె పోయేదాక ఇట్లనే రుచి తెల్వకుంట తిన్నది. మా పెండ్లిండ్లల్ల తిన్నది, పండుగలకు తిన్నది. రాయికల్ల ఆ దినం పొయ్యి చుట్టూ అంతమందిమి ఉన్నం, అందరం ఉప్పు గురించే మాట్లాడినం. నీకు బువ్వ ఎట్ల పోతుంది పెద్దమ్మా అని ఒక్కరం అడుగలే. ఆమె ఎంట తిరిగి, ఆమె పక్కల పండుకున్న నాకు గూడ అడుగాలని తోయలే. బతుకంత ఎందరెందరికో ఏం కావాలని అడిగి వండిపెట్టిన గాని, ఆమెను అడుగని ఆ ఒక్క మాట ఇప్పటికీ నా గొంతులనే ఉన్నది.