నర్సమ్మ అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఇల్లు ఊరికి చివర ఉండేది. సారపాక నుంచి అడవి వైపు పోయే మట్టిరోడ్డు మీద మా తర్వాత ఇంకొక్క ఇల్లే. ఆ పైన జామాయిల్ తోటలు, అవి దాటితే అడవి. నాకు తోడబుట్టిన వాళ్లు లేరు. నాన్న లారీలకు కర్ర ఎత్తే పనికి తెల్లవారకముందే వెళ్లిపోయేవాడు. అమ్మ కూలికి పోయేది. బడి లేని రోజుల్లో నాకు మాట్లాడటానికి ఉన్న మనిషి ఒక్కతే, పక్కింటి అక్క.

అక్క అప్పటికి ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మా దిక్కు నుంచి అంత దూరం పోయి చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. హాస్టల్ పప్పులో పప్పు గింజ దొరికిన వాళ్లకు ఆ రోజు పరీక్ష పాసవుతుందట అని చెప్పి నవ్వించేది. ఆమె వెళ్లిపోయిన మర్నాడు మా వాకిలి ఎంత బోసిపోయేదో ఇప్పటికీ చెప్పలేను.

నేను చెప్పబోయేది రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం ఎండాకాలం సంగతి. నాకు పదకొండేళ్లు. ఆ ఏడు అక్క పరీక్షలు రాయకుండానే వచ్చేసింది. ఒంట్లో బాగాలేదని వాళ్లమ్మ అందరికీ చెప్పింది. అంతకు మించి ఎవరూ అడగలేదు. అవి బీడీలు చుట్టే తునికాకు కోత రోజులు. ఆకుకు పోయే ఆడవాళ్లు ముళ్లు గీసుకోకుండా చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. అక్క కూడా వాళ్ల నాన్న చొక్కా వేసుకుని నాలుగు రోజులు అడవికి పోయింది. ఐదో రోజు నుంచి పోవడం మానేసింది గానీ, చొక్కా మాత్రం విప్పలేదు. కుక్కలు కూడా నీడ వదలని ఆ ఎండలో, పొయ్యి ముందు కూర్చున్నా చేతుల గుండీలు పెట్టుకునే ఉండేది. అందరూ అలాంటి చొక్కాల్లోనే తిరిగే రోజులు కాబట్టి ఎవరి కంటికీ అది వింతగా కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గర అక్క బట్టలు పిండుతుంటే తడిసిన చొక్కా చేయి పైకి జరిగింది. మోచేతి కింద గాయాలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. ముళ్లు గీసుకున్నాయా అక్కా అని అడిగాను. అవును, ముళ్లే అంది. కానీ నేనూ అడవి పక్కన పుట్టిన పిల్లనే. ముల్లు గీసిన గీత ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అవి ముళ్లవి కావు.

"ఎవరు కొట్టిండ్రు అక్కా?"

"ఎవరు కొట్టలే. నేనే."

ఎందుకని అడిగితే, "నాకే తెల్వదే" అంది. తర్వాత నా చేయి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది. "ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్. చెప్తే నేను సచ్చినంత ఒట్టు."

వేశాను. ఆ రోజుల్లో మాకు ఒట్టు అంటే ఆట కాదు. వేసినవాళ్లు మాట తప్పితే, ఎవరి మీద వేశారో వాళ్ల ప్రాణం పోతుందని నిజంగా నమ్మేవాళ్లం. అందుకే ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదు. అన్నం తినేటప్పుడు అమ్మ ముఖం చూడాలంటే భయం, నోరు జారి బయటికొస్తుందేమోనని. నేను ఒక్క మాట మాట్లాడితే అక్క చచ్చిపోతుంది. మాట్లాడకపోతే ఆ గాయాలు పెరుగుతున్నాయి. ఆ వయసులో అంత ఒంటరితనం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ముందు గదిలో ఒక నర్సమ్మ కిరాయికి ఉండేది. పిల్లలకు టీకాలు వేయడం, జ్వరం వచ్చిన వాళ్ల రక్తం గాజు పలకల మీద తీసి భద్రాచలం పంపడం ఆమె పని. మధిర వైపు మనిషి కావడంతో ఆమె మాట మా మాట కంటే కొంచెం మెత్తగా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రం ఒక్కతే వంట చేసుకుని, ఒక్కతే తిని, గడప మీద కూర్చుని రోడ్డు చూసేది.

అక్క గాయాలకు మందు తేవాలని నాకు తోచింది. అది ఒట్టు తప్పినట్టు కాదు కదా అనుకున్నాను. నర్సమ్మ దగ్గరికి పోయి నా మోకాలికి దెబ్బ తగిలిందని చెప్పి మందు ఇప్పించుకున్నాను. కాగితంలో పెట్టిచ్చిన ఆ పసుప్పచ్చ మందును పరుగెత్తుకెళ్లి అక్కకిచ్చాను. తీసుకుని గూట్లో పెట్టింది. మూడు రోజుల తర్వాత ఇంకోసారి తెచ్చాను. పాతది గూట్లో అట్లాగే ఉంది.

ఆ వారంలోనే అక్క తన చేతి వాచీ తీసి నాకు పెట్టింది. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినందుకు వాళ్ల నాన్న కొనిచ్చిన వాచీ అది. "నాకింక వద్దు, నువ్వే ఉంచుకో" అంది. పుస్తకాలు కూడా నాకే ఇచ్చేస్తానంది. ఆ రోజు అక్క ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. మందు పని చేసిందనుకున్నాను. నాకైతే ఆ వాచీ చూసుకుని కాళ్లు నేల మీద నిలవలేదు.

అయినా మందు అయిపోకూడదని మూడోసారి నర్సమ్మ గదికి వెళ్లాను. ఆమె రిజిస్టరు రాసుకుంటోంది. ఏదీ మోకాలు చూపించమంది. చూపించడానికి ఏముంది? తల దించుకున్నాను. అప్పుడు నా చేతికి వేలాడుతున్న వాచీ చూసింది.

"ఎవరిదే అది?"

అక్క ఇచ్చిందని, ఇంక తనకు వద్దన్నదని, పుస్తకాలు కూడా ఇస్తానన్నదని గర్వంగా చెప్పాను. నర్సమ్మ పెన్ను పక్కన పెట్టింది. నన్ను దగ్గరికి తీసుకుని, ఆ మందు కూడా అక్కకేనా అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. చెప్పలేను, చెప్తే అక్క చచ్చిపోతుంది, ఒట్టు వేశాను అని ఎక్కిళ్ల మధ్య అన్నాను.

వేరే పెద్దవాళ్లయితే ఒట్టూ లేదు గిట్టూ లేదు, చెప్పు అని గద్దించేవాళ్లు. నర్సమ్మ అట్లా అనలేదు. ఏ చేత్తో వేశావని అడిగింది. కుడి చేయి చాపాను. సూదులు వేసే ముందు రుద్దే స్పిరిటులో దూది ముంచి, నా అరచేయి మధ్య నుంచి వేళ్ల చివరల దాకా మెల్లగా తుడిచింది. చల్లగా, ఘాటుగా ఉంది. తర్వాత అదే దూదితో తన అరచేయి తుడుచుకుంది.

"ఇప్పుడు ఆ ఒట్టు నాకంటింది. నీది కాదు. ఏమన్నా అయితే నాకే అవుతుంది. ఇప్పుడు చెప్పు."

చెప్పేశాను. అంతా విని ఆమె చెప్పులు వేసుకుంది. నన్ను ఇంట్లోనే ఉండమంది గానీ నేను ఉండలేదు. వెనక నుంచి పోయి వాళ్ల తడిక పక్కన నక్కి కూర్చున్నాను.

అక్క ఒక్కతే ఉంది. నర్సమ్మ ఏదో పనున్నట్టు లోపలికి పోయి నేల మీదే కూర్చుంది. చేయి చూడొచ్చా అని అడిగింది. చాలాసేపటికి అక్క చేతి గుండీ విప్పడం తడిక సందులోంచి కనిపించింది. నర్సమ్మ ఎందుకు చేశావని గానీ, ఇదేం బుద్ధి అని గానీ అనలేదు. తుడిచి, కట్టు కట్టింది. ఆ తర్వాత, జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఒక మాట అడుగుతాను తల్లీ. చచ్చిపోవాలనిపిస్తోందా?"

మా ఇంట్లో ఆ మాట పైకి అననిచ్చేవాళ్లే కాదు. అడిగి లేని ఆలోచన పుట్టిస్తోందేమో అని నర్సమ్మ మీద కోపం కూడా వచ్చింది. రోడ్డు మీద కర్ర లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము వచ్చి, మళ్లీ అణిగింది. నర్సమ్మ రెండో మాట అనలేదు. దగ్గలేదు, లేవలేదు.

"అవ్" అంది అక్క.

ఆ ఒక్క మాట తర్వాత మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. "హాస్టల్ల ఉన్నప్పటిసంది గిట్లనే ఉంది. ముందుగాల గీ గాయాలతోటే ఆగిన. ఇప్పుడు ఆగుతనో లేదో నాకే తెల్వదు నర్సమ్మా. భయమైతంది."

"మంచి పని చేశావు, చెప్పావు. ఇవాళ నేను ఇక్కడి నుంచి కదలను."

అన్నట్టే కదల్లేదు. అక్క వాళ్లమ్మ ఆకు కట్టలు అప్పజెప్పి పొద్దుగూకే వేళకు వచ్చేదాకా కూర్చుంది. విషయం విన్న వాళ్లమ్మ మొదట మండిపడింది. "ఏంది నర్సమ్మా గీ మాటలు? చదువు తప్పించుకోనీకి నాటకాలు గివి. నలుగురికి తెలిస్తే నా బిడ్డ బతుకేం గావాలె?"

నర్సమ్మ గొంతు పెంచలేదు. "మా తమ్ముడు కూడా ఇట్లాగే చేతులు దాచుకునేవాడమ్మా. మేమూ నాటకాలే అన్నాం. ఇట్లా చేసుకున్న వాళ్లంతా చనిపోరు. చాలామంది బయటపడతారు. కానీ ఎవరు అంతదాకా పోతారో పైనుంచి చూస్తే తెలీదు. అడగాలి. మేం అడగలేదు. వాడు ఇప్పుడు లేడు."

వాళ్లమ్మ ఆకు మరకల చేతులతోనే గోడకు ఆనుకుని కూలబడింది. తర్వాత అక్క తలను ఒళ్లోకి లాక్కుంది. ఆ రాత్రి నర్సమ్మ వాళ్లింట్లో ప్రమాదమనిపించినవన్నీ తీయించి తన గదిలో పెట్టి తాళం వేసింది. తాను అక్క పక్కనే పడుకుంది. మర్నాడు మొదటి బస్సుకు ముగ్గురూ ఖమ్మం పోయారు, మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి.

అక్క బతికింది. కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

వానలు పడే ముందు అక్క తిరిగి వచ్చింది. వాకిట్లో నన్ను చూసి ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. వాచీ తీసుకెళ్లి వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చాను. మర్నాటికి అది అక్కడ లేదు, అంతే. జడ వేయడం లేదు, కబుర్లు లేవు. ఉన్న ఒక్క మనిషీ నాకు లేకుండా పోయింది. సాయంత్రాలు మా గడప మీద నేను, వాళ్ల గడప మీద ఆమె, మధ్యలో పది అడుగులు. ఆ చలికాలంలో ఆమె చేతి మీద మళ్లీ గాయం కనబడింది. కానీ ఈసారి తానే నడిచి నర్సమ్మ గదికి వచ్చింది. నేను పక్కనే ఉన్నా నా వైపు చూడలేదు.

నేను తప్పు చేశానా అని ఒకరోజు నర్సమ్మను అడిగాను. అక్క నాతో మాట్లాడట్లేదని ఏడ్చాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది: "మాట్లాడకుండా ఉంటోందంటే ఉంటోందనేగా. ఉండనీ. నీతో మాట్లాడకపోయినా ఉండనీ."

ఆ మాట అప్పుడు నాకు ఓదార్పుగా అనిపించలేదు. పైగా మరుసటి ఏడాదే నర్సమ్మకు పెనుబల్లి వైపు బదిలీ అయింది. ఆమె సామానంతా ఒక్క ఆటోలో పట్టింది. ముందు గది ఖాళీ అయింది. నేను ఇంకొంచెం ఒంటరినయ్యాను.

అక్క రెండేళ్లు ఆగి డిగ్రీ పూర్తి చేసింది. చాలా ఏళ్ల తర్వాత ఖమ్మం బస్టాండులో కనిపించింది. ఒక బడిలో లెక్కలు చెబుతోందట. ఇద్దరం చాయ్ తాగాం. గ్లాసు కింద పెట్టి తనే అంది: "నువ్వు చెప్పినవని కోపం కాదే. నువ్వు చూసినవని సిగ్గు. నీ మొఖం జూస్తే నా చెయ్యి యాదికొస్తుండె." అన్నేళ్లుగా నేను మోసిన నింద ఆమె వేసింది కాదని ఆ రోజు తెలిసింది. అయినా మేం మళ్లీ మునుపటి అక్కాచెల్లెళ్లం కాలేదు. పండుగకు ఒక ఫోను, అంతే. కానీ ఆమె ఉంది. ఆమెకొక కూతురుంది. నర్సమ్మ మాటకు అర్థం నాకు ఇప్పుడు తెలుసు.

ఇప్పుడు నేను డిగ్రీ చదివే ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. వాళ్లకు నేను పెద్దదాన్ని, అప్పుడే అక్కడక్కడా నెరిసిన వెంట్రుకలు చూసి మేడమ్మ అంటారు. ఏటా ఒకరో ఇద్దరో కంటపడతారు, అన్నం దగ్గర గుంపులో కూర్చుని కూడా ఎవరితోనూ లేని పిల్లలు. గదికి పిలిచి తలుపు దగ్గరగా వేసి, నర్సమ్మ అడిగిన మాటే అడుగుతాను. మొదటిసారి ఆ మాట చుట్టూ తిరిగి తిరిగి అడిగాను. ఇప్పుడు నేరుగానే అంటాను.

పోయినేడు రెండో సంవత్సరం పిల్ల ఒకతె నా ప్రశ్న విని లేదని తలూపి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అన్నానికి గంట కొట్టారు. బయట పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని పరుగెత్తారు. వంటామె వచ్చి తలుపు కొట్టి వెళ్లింది. ఆ పిల్ల కదల్లేదు. నేనూ లేవలేదు. ఆ రోజు తడిక పక్కన నక్కి కూర్చుని నేర్చుకున్నది అదే. అడిగాక, జవాబు ఎంతసేపటికి వచ్చినా, అక్కడే కూర్చోవాలి.