మూడక్షరాలే పంపాను

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. విన్నాక నన్ను అసహ్యించుకోండి, ఫరవాలేదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక బొగ్గు గనికి నేను ప్రోగ్రాం రాశాను. గని లోపలి వేడినీ గ్యాసునూ ఆరు కంప్యూటర్లు పంచుకుని లెక్కగట్టేవి, ఒకదానికొకటి సందేశాలు పంపుకునేవి. ఏదైనా మొరాయిస్తే తెర మీద ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు గోల వచ్చేది. దాన్ని తీసేసి నా సొంత మాట పెట్టాను: RUK. ఆగిపోయిందని హిందీలో చెప్పడానికి.

ఆ తెర ముందు కూర్చుని సైరన్ చూసుకునేది మల్లన్న. కరీంనగర్ నుంచి తాతల కాలంలో బొగ్గు పనికి వచ్చిన కుటుంబం, లాల్‌పేట్‌లో ఇల్లు. చదివింది మరాఠీ బడి. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. నీ మిషన్‌కు తెలుగు రాదా అని నన్ను రోజూ ఆటపట్టించేవాడు. ఆయన్ను నవ్విద్దామని, చెప్పకుండా RUK తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘ఆగింది’ అని పెట్టాను: AAGINDI. సందేశం పంపేటప్పుడు ఎన్ని అక్షరాలో కూడా చెప్పాలి. ప్రోగ్రాంలో అక్కడ RUK కోసం పెట్టిన పాత మూడు అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఐదో కంప్యూటర్ ఆగింది. తెర మీద మూడక్షరాలే పడ్డాయి: AAG. ఆగ్ అంటే హిందీలోనైనా మరాఠీలోనైనా నిప్పు. బొగ్గు గనిలో ఆ మాట చూసినవాడు ఇంకేం చేస్తాడు? మల్లన్న సైరన్ మోగించాడు.

లోపలున్నవాళ్లు మెట్ల మీద ఒకరినొకరు తొక్కుకుంటూ పైకొచ్చారు. ఒకతని కాలు విరిగి ఎముక బయటికొచ్చింది. నిప్పు లేదని తెలియగానే అతని అన్నదమ్ములు మల్లన్నను జుట్టు పట్టి ఆవరణలోకి ఈడ్చారు. హెల్మెట్లతో మొహం మీద కొట్టారు. పడిపోయాక బూట్లతో తన్నారు. దవడ విరిగిన చప్పుడు పైన కిటికీ దగ్గరున్న నాకు వినిపించింది. నేను దిగి ఒక్క మాట చెబితే ఆగేవాళ్లు. మరి నేనేం చేశాను? కుర్చీలో కూర్చుని మూడును ఏడు చేశాను. నా వేళ్లు వణకలేదు. ఎందుకు వణకలేదు? అంత భయంలోనూ అంత శుభ్రంగా పని చేయగలిగిన మనిషి నేనేనా?

విచారణకు వచ్చినవాళ్లకు తెర చూపించాను. AAGINDI అని నిండుగా వచ్చింది. మల్లన్న ఉద్యోగం పోయింది. ఆ దెబ్బలకు ఎడమ కన్ను అప్పటికే పోయింది.

ఆసుపత్రిలో, కట్టిన దవడతో ముద్దముద్దగా అడిగాడు.

"తమ్మీ, తెర మీద ఆగ్ అనే ఉండె గదా? నువ్వన్న చెప్పు."

"లేదన్నా. ఆగింది అని ఉండె. నువ్వే సగం చదివినవ్."

"గట్లనా... నాదే తప్పు గావచ్చు. పాపం, గాయన కాలు విరిగె నా వల్ల."

ఇప్పుడు బజారులో దుకాణాల బోర్డులను కూడా వేలు చూపిస్తూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదువుతుంటాడు. చూడలేక పక్క సందులోకి తప్పుకుంటాను.

ఆయన సగం చదవలేదు. నేనే సగం పంపాను. ఇన్నేళ్లకు ఈ మాట రాయగలిగాను. గుండె కాస్త తేలికైంది, అందుకు సిగ్గుగానూ ఉంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. దీన్ని తెలుగు అక్షరాల్లోనే రాశాను, మల్లన్న చదవలేడని తెలిసే.