అమ్మ కడుపులో పాపా, గడ్డా

అశోక్‌నగర్ జిరాక్సు దుకాణాల ముందు నడిచినప్పుడల్లా వేడి కాగితాల వాసనకు నా కాళ్లు ఆగుతాయి. మా పాత ఇంటి మేడ మీద అద్దెకుండి సర్కారు పరీక్షలకు చదివే అన్నల గదుల్లోనూ ఇదే వాసన.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బడికి పంపకుండా అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. ఆ ఎండాకాలం, వాకిట్లో మామిడికాయ ముక్కలు ఆరుతూ, చిక్కడపల్లి వైపు నుంచి మల్లెపూల బండి వచ్చే సాయంత్రాల్లో, ఐదో నెలకే అమ్మ కడుపు ఎనిమిదో నెలంత కనిపించేది.

“కవలలే అక్కా, రాసిస్త!” అన్నది పక్కింటి యాదమ్మత్త. నేను నమ్మి రెండు ఉన్ని టోపీలు మొదలుపెట్టాను. నారాయణగూడలో స్కాన్ తీయిస్తే పాప ఒక్కటేనని, గర్భసంచిలో పక్కనే గడ్డ ఉందని తేలింది.

“అమ్మా, గడ్డకు ఆకలైతదా? పాపతోటి ఆడుకుంటదా?”

“ఏమో బిడ్డా, నువ్వే అడుగు,” అని నవ్వి అమ్మ నా చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. మెత్తగా తన్నేది పాప. కదలకుండా జామకాయలా గట్టిగా తగిలేది గడ్డ. పాపం దానికీ చలేస్తుందని రెండో టోపీ ఆపలేదు.

వానలు మొదలయ్యాక ఆ గడ్డకే నొప్పి పుట్టి, జ్వరం వచ్చి, అమ్మ మంచం పట్టింది. పడుకునే ఎక్కాలు చెప్పేది. ఏడో ఎక్కం మధ్యలో పళ్లు బిగబట్టి ఆగిపోతే, నేను దేవుడి గూటి వంక చూసేదాన్ని.

బతుకమ్మ రోజుల్లో, వీధంతా తంగేడు పూలూ నువ్వుల సత్తుపిండీ గుమగుమలాడుతుంటే, బిడ్డ అడ్డం తిరిగిందని ఆపరేషన్ చేశారు. పాప అనుకున్నది తమ్ముడై పుట్టాడు, బాగానే ఉన్నాడు. గడ్డ వల్ల గర్భసంచి సరిగా ముడుచుకోక అమ్మకే రక్తం ఆగలేదు. నాన్న పరుగున వచ్చి, రక్తం కావాలని మేడమెట్ల కింద నిలబడి కేకేశాడు. అన్నలు నలుగురూ పుస్తకాలు తెరిచినవి తెరిచినట్టే వదిలి దిగారు.

“సార్, పరేషాన్ గాకుండ్రి, మేమున్నం,” అన్నాడు ఖమ్మం అన్న. పక్కనున్న పాలమూరు అన్నను చూసి, “సూదంటే ఉరికేటోనివి, నువ్వేడికిరా?” అన్నాడు.

“కండ్లు మూసుకుంట, నడువ్!”

అమ్మ బతికింది. ఇంటికొచ్చి వెల్లుల్లి కారం కలుపుకొని తింటుంటే, గడ్డను ఎందుకు తియ్యలేదని అడిగాను.

“ముట్టుకుంటే ఇంకా రక్తం పోతదన్నరు. అదే చిన్నగైతదట.”

నిజంగానే నెలలు గడిచేకొద్దీ చిక్కింది. ఎటు పోయిందోనని రోజూ తడిమేదాన్ని.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ చోట ఐదంతస్తుల హాస్టల్ లేచింది. అన్నలకు ఉద్యోగాలు వచ్చాయో లేదో తెలియదు. వాళ్ల ఊళ్లతోనే పిలిచాం తప్ప పేర్లు గుర్తుపెట్టుకోలేదు. పొద్దున అమ్మకు చాయ్ ఇచ్చే ముందు దేవుడి గూట్లో దీపం వెలిగించి, పాలమూరు, ఖమ్మం, నల్లగొండ, మెదక్ అని మాత్రం చెప్పుకుంటాను. ఎవరెవరో ఆయనకు తెలుసు.