నూట ఎనభై వోల్టుల దగ్గర

యలమంద గుంటూరు బస్టాండులో దిగేసరికి ఎడమచేతిలో పన్నెండు కిలోల ఇనప డబ్బా ఉంది. వెనకాలే అతని భార్య హనుమాయమ్మ, పాత చీరలో చుట్టిన వేపచెక్కను చంకలో పెట్టుకుని దిగింది.

"మిషను కొనడానికి పోతా ఇంత బరువు మోసుకొచ్చింది మనమే అయ్యుంటాం," అందామె.

"కొన్నాక ఏడవకుండా ఉండాలంటే ఇప్పుడే మొయ్యాలి."

చిలకలూరిపేట పక్క ఊళ్లో ముప్పై రెండేళ్లుగా తలుపులూ కిటికీలూ చేస్తున్న మనిషి అతను. చిత్రిక తోసీ తోసీ కుడిభుజం అరిగిపోయింది. చెయ్యి ఎత్తితే నొప్పి లేదు, ముందుకు తోస్తేనే. తోపుడు పని ఇక మానెయ్యమన్నాడు డాక్టరు. చెక్క మందం ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా లేకపోతే తలుపు కుదరదు. ఆ పని బల్ల మీది ప్లేనర్ మిషను చేసిపెడితే ఇంటి వెనక రేకుల షెడ్డు నడుస్తుంది. లేకపోతే మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలా కుర్చీ. ఏ సంగతో సోమవారం లోపు చెప్పమన్నాడు అక్కడి మేనేజరు శ్రీరామ్.

మూడేళ్ల క్రితం ఇదే ఊళ్లో చేత్తో పట్టుకుని నడిపే మిషను ఒకటి కొన్నాడు. కొట్లో గాలిలా తిరిగింది. ఇంటికి తీసుకెళ్లిన వారానికే మిర్చికి తడులు మొదలయ్యాయి. అతని ఇల్లు ఊరి చివర, చేల బోరు మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మరు మీదే ఉంది. అవన్నీ తిరిగితే ఇంట్లో వోల్టేజీ నూట ఎనభైకి పడిపోతుంది. మిషను మూలిగింది, పొగ వచ్చింది, వైండింగు మాడింది. తప్పు మిషనుది కాదని అతనికి తెలుసు. టౌను కరెంటు మీద చూసి ఊరి కరెంటుకు కొన్నాడు.

మిషన్లు అమ్మే కొట్లో యజమాని గౌస్ బాషా రెండు మిషన్లు చూపించాడు. పెద్దదానికి చెక్కను తీసే కడ్డీ చుట్టూ మెలికగా చిన్న చిన్న పళ్లు. చిన్నదానికి మూడు నిలువు బ్లేడ్లు. పెద్దదాంట్లో ప్యాకింగు పెట్టె చెక్కముక్క ఒకటి పెట్టి నడిపి, "చూడండి, అద్దం," అన్నాడు.

"పెట్టె చెక్క ఎవరు తీసినా నున్నగానే వస్తుందండీ." యలమంద చీర విప్పి వేపచెక్క అందించాడు. దాని పోగు, అంటే చెక్కలోని నార, ఒకచోట ఇటు, ఒకచోట అటు తిరిగి ఉంటుంది. పెద్ద మిషను దాన్నీ నున్నగా తీసింది.

హనుమాయమ్మ చెయ్యి వేసి చూసింది. "ఇదే తీసుకుందాం."

"ఉండు." అతను ఇనప డబ్బాను ప్లగ్గుకు తగిలించాడు. "మా ఊళ్లో కోటేష్ అని మోటార్లకు వైండింగు చేస్తాడండీ. వోల్టేజీ తగ్గించి చూసే అతని డబ్బా ఇది."

గౌస్ బాషా నవ్వాడు. "ఇరవయ్యేళ్లుగా అమ్ముతున్నా. కరెంటు ఇంటి నుంచి తెచ్చుకున్న బేరం మీదే మొదటిది."

ముల్లు నూట ఎనభై మీదకు తిప్పాడు యలమంద. పెద్ద మిషను చెక్కను సగం దాకా మింగి, బరువుగా మూలిగి ఆగిపోయింది. చిన్నది గొంతు తగ్గించుకుని, ఆగకుండా అవతలికి తోసేసింది. అతను మందం కొలిచే వెర్నియర్ తీసి రెండు చివరలూ నడుమా కొలిచాడు. మిల్లీమీటరులో పదో వంతే తేడా. పోగు ఎదురు తిరిగిన రెండుచోట్ల మాత్రం చెక్క పెచ్చులుగా లేచింది.

"లేచింది చూశారా?" అన్నాడు గౌస్ బాషా. "పెద్దదే తీసుకుని స్టెబిలైజర్ పెట్టుకోండి."

"అది పెంచేదీ ఆ తీగలోంచి లాగేగా. వీధిలో బల్బులు ఎర్రబడితే జనం నా ఇంటిమీదకు వస్తారు."

"మరి ఈ గరుకు?"

"అక్కడ తడిగుడ్డతో తుడిచి పావు మిల్లీమీటరు చొప్పున తీస్తా. మిగిలింది గీకుడు రేకుతో పోద్ది. దానికి మణికట్టు చాలు, భుజంతో పని లేదు. ఆగిపోయిన మోటారును మటుకు నేను తిప్పలేను. చిన్నదే కట్టండి."

గౌస్ బాషా అట్టపెట్టెకు టేపు వేస్తుండగానే యలమంద ఫోను తీశాడు. "శ్రీరామ్ గారూ, యలమందనండీ. ఆ గేటుకు ఇంకో మనిషిని చూసుకోండి." అవతలి మాట విని, "లేదండీ, భుజం అట్నే ఉంది. పని దొరికింది," అని పెట్టేశాడు.

హనుమాయమ్మ అతనివైపు కోపంగానే చూసింది. "ఇంటికెళ్లి ఒక్క చెక్కన్నా తియ్యకుండానే చెప్పేశావా?"

"తీశాగా," అన్నాడు యలమంద. "మనింటి కరెంటు మీదే తీశా, ఇందాక."