నాగవేణి అర్జీకి ఆరు నకళ్ళు

తమిళనాడు సరిహద్దున బేరిగైకి మూడు మైళ్ళ దూరంలోని ఒక మెట్టపల్లెలో నివసించే నాగవేణి, మూడు నెలలకొకసారి హోసూరు బస్టాండులో దిగి, అక్కడి ఆసుపత్రి వైపు కన్నెత్తి చూడకుండా కృష్ణగిరి బస్సెక్కేది. ఆమెకు కావలసిన మాత్రలు హోసూరులోనూ ఇస్తారు. కానీ హోసూరు ఆసుపత్రి వరండాలో బేరిగై మనిషి ఒక్కరైనా కనబడని రోజంటూ ఉండదు. అందువలన పద్నాలుగేళ్ళుగా ఆ యాభై కిలోమీటర్ల ప్రయాణాన్ని ఆమె ఎవరికీ చెప్పకుండా మోస్తూ వచ్చింది. అవి షుగరు మాత్రలని ఊరిలో చెప్పుకున్నది. అలా చెప్పుకున్న పాపానికి ప్రతి పెళ్ళిలోనూ బెల్లం పూర్ణపు ఓళిగ ముట్టకుండా విస్తరి ముందునుండి లేచేది.

ఆ జబ్బు ఆమెకు భర్త రామచంద్ర వలన వచ్చింది. తనకు హెచ్ఐవి ఉన్నదని అతనికి చనిపోవడానికి రెండేళ్ళ ముందే తెలుసు, భార్యకు చెప్పలేదు. అతని కర్మక్రియలు ముగిసిన వారానికి ఆసుపత్రి వారు పిలిపించి రక్తం తీసినప్పుడు గాని ఆమెకు సంగతి తెలియలేదు. ఆనాటి నుండి ఒక్క పూట మాత్ర తప్పలేదు. వైరసు పరీక్షకు అందనంతగా అణగిపోయిందని డాక్టర్లు చెప్పారు. పిల్లలు లేరు. ఒక ఆవు, ఎకరం రాగిచేను, హోసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ వారి ఆడపిల్లల హాస్టలులో వంటపని, ఇవే ఆమె బతుకు.

వంటపనికి కుదిరి తొమ్మిదేళ్ళయింది. ఆ హాస్టలులో నూట ఇరవై మంది పిల్లలుండేవారు. వారిలో ఎక్కువ మంది అనంతపురం, మదనపల్లె వైపు నుండి వచ్చి యంత్రాల ముందు నిలబడి పనిచేసేవారు. అంతకు ముందున్న వంటవాడి నీళ్ళ సాంబారుతో ముఖం మొత్తిన ఆ పిల్లలకు, చలికాలంలో అనపగింజల పితికిన పప్పు చారూ రాగిసంగటీ పెట్టిన రోజున నాగవేణి తల్లితో సమానమైంది. పొయ్యి ముందు నిలబడినంతసేపే ఆమెకు తాను రోగినన్న సంగతి గుర్తుండేది కాదు.

ఆ ఏడాది ఆషాఢంలో కంపెనీ వారు వంటింటి పనివారందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టించారు. షుగరుకూ రక్తబలానికీ అని చెప్పి రక్తం తీసుకున్నారు. దేనిదేనికి పరీక్షిస్తున్నారో అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఫలితాల కాగితాలు మూత అంటించని కవరులో సూపర్వైజరు విష్ణువర్ధన్ చేతికి వచ్చాయి. అతడు నాగవేణిని సామాను గది వెనుకకు పిలిచాడు.

“అమ్మా, రేపట్నించి మీరు రావద్దు. మీ మంచికే చెప్తాండా.”

“నేనేం తప్పు చేసినాను సార్?”

“తప్పని నేనన్నానా? వంటిల్లు కదమ్మా ఇది. నూటిరవై మంది పిల్లలు. రేపు ఎవురికి కడుపునొప్పి వచ్చినా నా మెడకు చుట్టుకుంటుంది.”

“అన్నం తింటే అంటుకునేది కాదు సార్ అది.”

“నాకు తెల్సమ్మా. వాళ్ళకు తెలీదు కదా,” అని అతడు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. తెలిసిన మనిషి తెలియనివారి పేరు చెప్పి వెళ్ళగొట్టడం కృష్ణగిరి ఆసుపత్రి వరుసలో ఆమె ఎన్నోసార్లు విన్న కథే గనుక, ఆమె ఏడవలేదు. కొంగు విప్పి చేతులు తుడుచుకుని బస్టాపుకు నడిచింది.

కృష్ణగిరి ఆసుపత్రిలో రోగులకు ధైర్యం చెప్పే కౌన్సిలరు రశ్మి ఈ సంగతంతా విని, మేజా సొరుగులోనుండి ఒక పేజీ ఫారం తీసింది.

“దీనికి చట్టం ఉందక్కా. నిన్ను అడగకుండా ఆ టెస్టు చెయ్యకూడదు. చేసినా ఆ కాగితం ఆయప్ప చేతికి పోకూడదు. పోయినా ఆ పేరు మీద నిన్ను పని తీసేయకూడదు. మూడూ చేసినారు. అంత పెద్ద కంపెనీలో ఇట్లా ఫిర్యాదులు తీసుకునేదానికి ఒక ఆఫీసరు ఉండాల. ఆ ఆఫీసరుకొక్కరికే, మూసిన కవర్లో ఇయ్యి. ఇంకెవురికీ వద్దు. తెల్సినా?”

“నా పని నాకొస్తుందా రశ్మీ?”

“రావాల. వస్తుందని నేను చెప్పలేను. రావాల.”

నాగవేణి తెలుగుబడిలో ఏడవ తరగతి చదివింది. తమిళం మాట్లాడగలదు గాని, కంపెనీ వారికి రాసేంత తమిళం చేతిలో లేదు. తప్పులతో రాస్తే నవ్విపోతారేమోనని భయపడింది. అందుచేత ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, తమ ఊరి ముత్యాలప్ప ఇంటికి వెళ్ళింది. ముత్యాలప్ప ఆమె మామగారికి తమ్ముడి వరస. తాలూకా ఆఫీసులో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా పనిచేసి దిగినవాడు. తమిళం రాయలేని చుట్టుపక్కల తెలుగువారందరికీ పట్టా మార్పుల నుండి పింఛను వరకు ఆయనే అర్జీలు రాసిపెట్టేవాడు. ఆయన రాసిన అర్జీ తిరిగి వచ్చిందన్న మాట ఆ పల్లెల్లో ఎవరూ ఎరుగరు.

రోగం పేరు చెప్పకుండా అర్జీ రాయడం కుదరదు. పద్నాలుగేళ్ళు ఊరిలో ఒక్కరి ముందు కూడా విప్పని నోటిని ఆమె ఆ పొద్దు ఆయన ముందు విప్పింది. ముసలాయన కళ్ళద్దాలు తీసి, చాలాసేపు పంచె అంచుతో తుడిచాడు.

“రామచంద్రకు కామెర్లంటిరి గదమ్మా.”

“అట్లా చెప్పినాం మామా.”

“సరే. ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. వంటకు కుదిరినప్పుడే నీకిది ఉండాదని నువ్వు చెప్పాల్సింది కదా? రేపు వాళ్ళు అదే అడిగితే?”

“పనిచ్చినోళ్ళకు చెప్పే పని లేదంట మామా. పెండ్లాడేవానికి చెప్పాలంట, మొగుడు పెండ్లానికి చెప్పాలంట. చెప్పాల్సినాయన నాకు చెప్పలేదు. నేను చెప్పక్కరలేనోళ్ళు నన్ను అడుగుతాండారు.”

ముత్యాలప్ప తెల్లకాగితాలు ముందుకు లాక్కున్నాడు. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీల అర్జీ తయారుచేశాడు. ఒక్క కొట్టివేత లేదు. రశ్మి ఇచ్చిన ఫారం ఆయన కంటికి ఆనలేదు. “ఇదేమమ్మా, రేషను కార్డు కాగితం మాదిరి ఉండాదే,” అని దానిని పక్కన పెట్టాడు. మూసిన కవరులో ఒక్కరికే ఇవ్వాలని నాగవేణి మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ తల ఊపాడు. ఆమె అర్జీ చివర తెలుగులో సంతకం చేసి వచ్చింది. తానే పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేసి వస్తానని ఆయన అన్నాడు.

ముప్పై రెండేళ్ళ అనుభవంలో ముత్యాలప్ప నేర్చుకున్న నీతి ఒక్కటే: నకళ్ళు లేని అర్జీ నడవదు. ఒక్కరికే పంపిన కాగితం ఆ ఒక్కరి బల్ల కింద చెత్తబుట్టలోకి పోతుంది. అడుగున నలుగురు పెద్దల పేర్లున్న కాగితమైతే ఎవరూ పారవేయడానికి సాహసించరు. అందుచేత నాగవేణి మీది ప్రేమతోనే, ఆమెకు చెబితే బెదురుతుందని చెప్పకుండానే, ఆయన అసలును మూసిన కవరులో ఆఫీసరుకు పంపుతూనే ఆ అర్జీకి ఆరు నకళ్ళు తీయించాడు. కంపెనీ డైరెక్టరుకు ఒకటి, కలెక్టరాఫీసుకు ఒకటి, కార్మిక శాఖకు ఒకటి, తాసిల్దారుకు ఒకటి. గ్రామంలో నివసించే అర్జీదారు గనుక గ్రామాధికారికి ఒకటి, పంచాయతీకి ఒకటి. విషయం అన్న మాట కింద రోగం పేరూ, అర్జీదారు పేరూ, తండ్రి పేరూ, భర్త పేరూ, ఇంటి నంబరూ గుండ్రని అక్షరాలలో స్పష్టంగా ఉన్నాయి. కాగితం గౌరవంగా ఉండాలంటే అవన్నీ ఉండాలి మరి.

పంచాయతీ ఆఫీసులో టపా విప్పిన గుమాస్తా మునిరాజు మొదటి పేజీ చదివి, రెండవది పక్కనున్నవారికి వినబడేలా చదివాడు.

మూడవనాడు తెల్లవారి నాగవేణి పాలక్యాను తీసుకుని సొసైటీకి వెళ్ళింది. పాలు పోసుకునే మనిషి ఆమె క్యానును ముట్టలేదు.

“ఈ పొద్దుకు నీ పాలు వద్దంట నాగవేణమ్మా.”

“ఎవురన్నారప్పా?”

“ఎవురో ఒకరు. అందరూ.”

వరుసలో వెనుకనున్న ఒకామె, “షుగరు షుగరని ఓళిగ ముట్టకపోతివి. ఇదా నీ కత!” అన్నది. ఇంకెవరో చప్పున నవ్వి, ఆ నవ్వు కప్పుకోవడానికి దగ్గారు. ఎలా తెలిసిందని నాగవేణి అడగలేదు. తెలుపగలవారు ఊరిలో ఒక్కరే ఉన్నారు. ఆమె క్యాను మోసుకుని నేరుగా ఆ ఇంటికే వెళ్ళింది.

“నా పేరు ఎంతమందికి పంపినావు మామా?”

ముత్యాలప్పకు అప్పటికే వార్త చేరింది. ఆయన అరుగు మీద నుండి లేచి నిలబడ్డాడు. “ఆరు మందికి. బలముంటుందని...”

“ఒక్కరికేనని చెప్పినాను కదా.”

“ఒక్కరికంటే పనికాదమ్మా. నేను చూడనిదా...” అని, ఆ మాట తన చెవికే రుచించక ఆగిపోయాడు. “వేరే కాగితం రాస్తాను. నకళ్ళు రద్దు చేయాలని ఆరు మందికీ...”

“రాయొద్దు మామా,” అన్నది నాగవేణి. “నీకు దండం పెడతాను. ఇంక ఎవురికీ ఏమీ రాయొద్దు.”

ఆమెకు ఆయనను తిట్టాలనే ఉంది. తిట్టడానికి కూడా కొంత బలం కావాలి. పాలన్నీ ఆవుదూడకు పట్టి, తలుపు వేసుకుని పడుకున్నది.

మరునాడు డెబ్బై ఏళ్ళ ముత్యాలప్ప సంచి భుజాన వేసుకుని, తన నకళ్ళను తిరిగి అడగడానికి బయలుదేరాడు. కాళ్ళరిగేలా అయిదు రోజులు తిరిగాడు. గ్రామాధికారి మాత్రం పాత పరిచయం వలన కాగితాన్ని ఇచ్చివేశాడు. మిగిలిన అయిదు చోట్లా ఒకటే జవాబు: నంబరు పడిన కాగితం బయటికి రాదు. ఆ జవాబును తన కుర్చీలో నుండి ఆయన ఎన్ని వందల మందికి చెప్పాడో లెక్కలేదు. అయిదవ సాయంకాలం నాగవేణి ఇంటికి వచ్చి, దొరికిన ఆ ఒక్క నకలును ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంతే వచ్చిందమ్మా.”

ఆమె దానిని పొయ్యిలో వేసి, ఆయనకు కాఫీ కాచింది. ఆయన లోపల కూర్చోకుండా వీధి అరుగు మీదికి వచ్చి, పోయేవారికీ వచ్చేవారికీ కనబడేటట్టు నిదానంగా తాగాడు. ఎందుకలా చేస్తున్నాడో ఆమెకు తెలుసు. మెచ్చుకునే ఓపిక మాత్రం లేకపోయింది.

కంపెనీ వారి విచారణ అర్జీ చేరిన పద్దెనిమిది రోజులకు జరిగింది. ఫిర్యాదుల అధికారిణి నడివయసు మనిషి. అసలు అర్జీని మూసిన కవరులోనే ఉంచుకుని మాట్లాడింది. నాగవేణి తరఫున రశ్మి వచ్చింది. ముత్యాలప్ప పిలవకపోయినా వచ్చి, గది బయట బల్ల మీద కూర్చున్నాడు. విష్ణువర్ధన్ తాను ఎవరినీ తీసివేయలేదనీ, విశ్రాంతి తీసుకోమని మాత్రమే చెప్పాననీ అన్నాడు.

“ఎన్ని రోజుల విశ్రాంతి?” అని అధికారిణి తమిళంలో అడిగింది.



నాగవేణిని తన పనిలోనే, తన పొయ్యి దగ్గరే, ఒకటో తేదీ నుండి తిరిగి పెట్టుకోవాలనీ, పరీక్షా ఫలితాన్ని సీలు వేసి తనకు అప్పగించాలనీ అధికారిణి ఉత్తర్వు చేసింది. ఉత్తర్వు కాగితం మీద నాగవేణి పేరు లేదు. ఒక నంబరు మాత్రమే ఉన్నది. బయటికి వచ్చాక ముత్యాలప్ప దానిని అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు.

“పోతావా అక్కా పనికి?” అని రశ్మి బస్టాండులో అడిగింది. “డైరెక్టరుకు పోయిన నకలుతో హాస్టల్లోనూ అందరికీ తెల్సిపోయిండాది. చూపులుంటాయి.”

“ఊర్లో లేవా చూపులు?” అన్నది నాగవేణి. “ఆడైతే చేతిలో గరిటెన్నా ఉంటుంది.”

ఒకటో తేదీన ఆమె మొదటి బస్సుకు వెళ్ళి, ఎప్పటిలాగే నూట ఇరవై మందికీ బియ్యం పోసింది. మధ్యాహ్నానికి పళ్ళెం పట్టుకుని వచ్చినవారు నలభై మంది ఉంటారు. మిగిలినవారు గేటు బయట బండిమీద పులిహోర పొట్లాలు కొనుక్కుని గదుల్లోకి పోయారు. కొందరు ఆమెకు కనబడకుండా పొట్లాలను చున్నీ కింద దాచుకున్నారు. మదనపల్లె పిల్ల అమృత అందరికంటే ముందు వచ్చి, పళ్ళెం చాపింది.

“ఏం ఆంటీ, నెలన్నర యాడికి పోయినావు? నీ బదులొచ్చిన వంటాయన సాంబార్లో వంకాయ ముక్క కోసం మేం ఈత కొట్టినాం.”

నాగవేణికి నవ్వు రాలేదు గాని, పిల్ల పళ్ళెంలో ఇంకొక గరిటె పప్పు పడింది.

“నీకు భయం లేదా పాపా?”

“మా పెద్దక్క నర్సు ఆంటీ. ఫోన్ చేసి అడిగినా. తిను పో మూర్ఖురాలా అని తిట్టింది,” అని అమృత పళ్ళెం తీసుకుని, ఖాళీ బెంచీల నడుమ ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడింది.

గుండిగలో సగానికి పైగా అన్నం మిగిలింది. దానిని పశువుల కుడితికి ఎత్తించేటప్పుడు నాగవేణి నడుము పట్టేసింది. మరునాడు పొద్దున ఆమె సామాను గదిలో బియ్యం కొలుస్తుండగా విష్ణువర్ధన్ గడప దగ్గర నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు. అలసట అతనికీ ఉన్నది.

“ఈ పొద్దు యాభై మందికి చాలమ్మా. ఊరికే పారబొయ్యడమెందుకు?”

“రిజిస్టర్లో పేర్లు తగ్గినాయా సార్?”

“పేర్లు ఎట్లా తగ్గుతాయి? అందరూ ఉండారు. తినరంతే.”

“ఉండారు కదా,” అని ఆమె శేరును మళ్ళీ మూటలో ముంచింది. అతడు గోడ గడియారం వైపు చూసి వెళ్ళిపోయాడు. నాగవేణి ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండవ చేత్తో మిగిలిన శేర్లు ఒక్కొక్కటిగా కొలిచి, బియ్యాన్ని నీళ్ళలో పోసింది.